రెండొందల ఇరవై మేడం

ఆ నీళ్ల పరీక్షల ల్యాబులో మేడం అంటే ఒక్కరే. మిగతా ఆడవాళ్లు లేక కాదు, ఇద్దరున్నారు. వాళ్లను అందరూ అక్కా అంటారు. "మేడం వస్తోంది" అనగానే చేతిలో టీ గ్లాసు ఎక్కడ దాచాలో తెలియక జనం కంగారుపడ్డారంటే ఆ వచ్చేది ఆవిడే. వెనకాల ఆవిడకు ఇంకో పేరుంది, రెండొందల ఇరవై. నీళ్లలో నైట్రేట్ ఎంతుందో చూడాలంటే యంత్రాన్ని ఆ అంకె దగ్గర నిలపాలి. ఇళ్లలో కరెంటు కూడా ఆ అంకెలోనే ఉండటంతో ల్యాబువాళ్లకు వేరే పేరు వెతుక్కునే శ్రమ తప్పింది.

ముక్కు మీద కోపం అంటారు కదా, ఆమెది అక్కడ ఆగే రకం కాదు. పెరిగిన ఇల్లు అలాంటిది. తల్లి చిన్నప్పుడే పోయింది, తండ్రి పలికితే ముత్యాలు రాలతాయన్నట్టు ఉండే మనిషి. అన్నయ్యకు పెళ్లై వదిన ఆ ఇంట్లో అడుగు పెట్టేదాకా అరిస్తే తప్ప ఏదీ దొరికేది కాదు. అన్నం పెట్టమని అరవాలి, జ్వరమొచ్చిందని అరవాలి, పరీక్ష ఉంది లైటు వేసుకుంటానని అరవాలి. కాలేజీలో ఆడపిల్లలు ముట్టుకుంటే ఖరీదైన యంత్రాలు పాడవుతాయని ఒక లెక్చరరు కూస్తే, అందరి ముందూ ఒంటికాలి మీద లేచి ఆయన్ని చెడామడా దులిపేసింది. మర్నాడు యంత్రం ముందు మొదటి స్టూలు ఆమెదే. అరిస్తే పని జరుగుతుందని అప్పుడే ఖాయం చేసుకుంది. ఆ మాటకొస్తే, జరగలేదని ఎవరనగలరు?

ఆ యంత్రం పేరు స్పెక్ట్రోఫోటోమీటర్. పేరు నోరు తిరగకపోయినా అది చేసే పని చాలా తేలిక. ఒకవైపు నుంచి కాంతిని పంపుతుంది, మధ్యలో నీళ్లు పెడతారు, అవతలివైపు ఎంత కాంతి చేరిందో చూస్తుంది. దారిలో ఎంత తగ్గితే అంత ఏదో మింగేసిందన్నమాట. కంటికి కనిపించే రంగులకు ఒక లాంపు, కనిపించని అతినీలలోహిత కాంతికి ఇంకో లాంపు. నైట్రేట్ ఉన్న నీళ్లు చూడ్డానికి ముత్యంలా ఉంటాయి. రుచి మారదు, వాసన రాదు. కనిపించని ఆ కాంతిని మాత్రం గటగటా తాగేస్తాయి. అక్కడ దొరికిపోతాయి.

నీళ్లు పోసి కాంతి దారిలో నిలబెట్టే వేలెడంత నలుపలకల పాత్రను క్యువెట్ అంటారు. రెండు పలకలు నున్నగా, రెండు గరుకుగా ఉంటాయి. నున్నటి పలక మీద వేలు పడకూడదు. పడిందంటే మేడం ఊరుకోదు. "వేలిముద్రలు వెయ్యాలని సరదాగా ఉంటే పోలీస్ స్టేషనుకు పోండి" అని ఆమె అరిచిన అరుపుకు ఒకసారి పక్క గదిలో తూకం వేస్తున్న అక్క చేతిలో పొడి ఒలికిపోయింది. దానికి అక్కకూ పడ్డాయి తిట్లు.

గాజు సామాను కడిగే పెద్దాయనను అందరూ బాబాయ్ అంటారు. పొద్దస్తమానం నీళ్లలో ఉండి ఆయన వేళ్లు నానిపోయి ఉంటాయి. కడుగుతూ ఏదో కూనిరాగం తీస్తుంటాడు. మేడం గుమ్మంలోకి రాగానే రాగం ఆగిపోతుంది. పని మీద శ్రద్ధ కాబోలని ఆమె అనుకునేది.

ఇక వదిన సంగతి. వదినకు కోపమొస్తే ఎలా ఉంటుందో ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆడపడుచును పెంచింది ఆవిడే, జడలు వేసింది ఆవిడే, అరుపులన్నీ నవ్వుతూ భరించింది ఆవిడే. తర్వాత తన ఇంటి కింది అంతస్తులో పసిపిల్లల క్రెష్ పెట్టింది. ఉద్యోగాలకు పోయే తల్లులు పొద్దున్నే పిల్లల్ని దింపి సాయంత్రం తీసుకుపోతారు. అన్నిటికీ బోరు నీళ్లే. పాలపొడి కలిపేదీ వాటితోనే. ఆ నీళ్లు వదిన క్రమం తప్పకుండా సీసాలో పట్టి పంపేది, మేడం పరీక్ష చేసేది.

ఏడాది మొదట్లో ఆ నీళ్లలో నైట్రేట్ కొంచెం కొంచెంగా ఎక్కుతూ కనిపించింది. క్రెష్ పక్కన ఒక పాడి షెడ్డు ఉంది. పేడంతా బోరుకు నాలుగడుగుల్లో కుప్ప పోస్తున్నాడు ఆ పాలవాడు. మేడం తిన్నగా వెళ్లి వీధి వీధంతా వినేలా కడిగిపారేసింది. "పసిపిల్లలు తాగే నీళ్లయ్యా ఇవి! నీ గేదెలకున్న బుద్ధి కూడా లేదా నీకు?" పాలవాడు చేతులు కట్టుకుని తలూపాడు. ఆ తర్వాత కుప్ప కనిపించలేదు. మరికొన్నాళ్లకు యంత్రం మీద అంకె సున్నాకు దిగింది. మేడం ఆ కాగితాన్ని వదినకిచ్చి, "చూశావా? మెత్తగా చెబితే వింటాడా వాడు?" అంది. వదిన దాన్ని పాల సీసాల అల్మరా తలుపుకు అంటించుకుంది.

సున్నా అంటే సున్నాయే. ఆ నెలలో ఊరి నలుమూలల నుంచి వచ్చిన నీళ్లు కూడా బుద్ధిగా సున్నాకు అటూ ఇటూ నిలబడ్డాయి. మామూలుగా అయితే తెలిసినంత నైట్రేట్ కలిపిన నీళ్లు రోజూ ముందుగా పెట్టి, యంత్రం నిజం చెబుతోందా లేదా అని చూసుకోవాలి. మేడం ఆ పని ఎప్పుడో మానేసింది. మంచి కాలంలో గీసిన కొలత గీత యంత్రం జ్ఞాపకంలోనే ఉంది. "దాని సంగతి నాకు తెలుసు" అనేది, కన్నపిల్ల గురించి చెప్పినట్టు. ఎవరూ ఎదురు చెప్పలేదు. చెప్పే మొనగాడు ఆ భవనంలో ఎవడున్నాడు గనక?

నిజానికి యంత్రం ఊరుకోలేదు, చెప్పింది. వట్టి నీళ్లతో సున్నా పెట్టేటప్పుడల్లా కీచుమని అరిచి, కాంతి చాలడం లేదని తెర మీద చూపించింది. మేడంకు ఒళ్లు మండింది, యంత్రం మీద కాదు, పెద్దసారు మీద. పెద్దసారు జీవితమంతా పైపులు వేయించిన ఇంజనీరు. ఈ ల్యాబు ఆయనకు బదిలీలో తగులుకుంది. లాంపు పాతబడింది, కొత్తది కావాలని అంతకుముందు నుంచే ఆమె అడిగీ అడిగీ నోరు నొప్పెట్టింది.

"చూద్దాంలెండి మేడం గారూ."

"చూస్తూనే ఉండండి. అది కాస్తా ఆరిపోయాక కొవ్వొత్తి పట్టుకుని నీళ్లలోకి తొంగిచూద్దాం ఇద్దరం!"

కీచుమన్నప్పుడల్లా లాంపును తిట్టి, లాంపు కొననివాణ్ని తిట్టి, మీట నొక్కి ముందుకు పోయేది. రెండు నెలలు ఇలాగే నడిచింది.

ఒకరోజు మధ్యాహ్నం వదిన ఆటో దిగి తిన్నగా ల్యాబులోకి వచ్చింది. చేతిలో నీళ్ల సీసా. మొహంలో నెత్తురు చుక్క లేదు. క్రెష్‌లో అందరికన్నా చిన్న పాపకు పాలు పట్టాక పెదాలు, గోళ్లు నీలంగా మారాయట. ఆస్పత్రికి పరుగెత్తారు. మందెక్కించాక రంగు తిరిగి వచ్చిందట, ప్రాణానికి ఏం ఫరవాలేదన్నారట. కానీ డాక్టరు పాలు ఏ నీళ్లతో కలిపారని అడిగాడు. నీళ్లలో నైట్రేట్ ఎక్కువైతే పసివాళ్ల రక్తం ఊపిరిని మోయలేదు, ఒళ్లు ఇలాగే నీలమవుతుందన్నాడు.

"మా ఆడపడుచే పరీక్ష చేస్తుంది, సున్నా వచ్చిందని చెప్పా. మళ్లీ చేయించమన్నాడు. కాచి చల్లార్చి మరీ కలిపానే అమ్మాయ్, అంత జాగ్రత్తగా కలిపితే..."

నైట్రేట్ కాస్తే పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆ సంగతి మేడం చెప్పలేదు, ఆమెకు అది తట్టనే లేదు. చెవిన పడ్డ ముక్క ఒకటే: మళ్లీ చేయించమన్నాడు.

"నా రీడింగు తప్పంటాడా? వాడెప్పుడైనా క్యువెట్ మొహం చూశాడా? నువ్వు ఇంటికెళ్లు వదినా, వాడి మొహాన కొట్టేలా చేసి పంపిస్తా."

చేసింది. సున్నా. "చూశారా!" అంది, వినేవాళ్లెవరూ లేకపోయినా. అక్కడితో ఆగితే డాక్టరు నోరు మూయించలేనని, ఆ రోజు తెలిసిన నైట్రేట్ నీళ్లు కూడా కలిపింది. పక్కపక్కన రెండు అంకెలూ పంపిస్తే ఇక మాట్లాడడు. పోసింది, తుడిచింది, మూత మూసింది.

సున్నా.

ఇంకా గాఢంగా కలిపి పోసింది. దానికీ సున్నాయే. అంత గాఢమైన నీళ్లను చూసి అంకె పరుగులు పెట్టాలి. క్యువెట్ బయటికి తీసి, ఖాళీ గూడు మూత మూసి చూసింది. యంత్రం కీచుమనలేదు. కాంతి బోలెడంత ఉంది. అంటే లాంపు నిక్షేపంలా ఉంది. క్యువెట్ మళ్లీ పెట్టింది. కీచుమంది, కాంతి మాయమైంది.

క్యువెట్‌ను కిటికీ వెలుగులోకి ఎత్తి అంచు చూసింది. కనిపించని కాంతిని పోనిచ్చే క్వార్ట్జ్, అంటే స్ఫటికపు క్యువెట్ అయితే అంచు దగ్గర చిన్న అక్షరం చెక్కి ఉంటుంది. దీనికి లేదు. ఇది మామూలు గాజు. రంగు నీళ్లు చూసేందుకు ఇంకో పెట్టెలో ఉండేవాటిలోది. కనిపించని కాంతికి గాజు అంటే ఇటుక గోడే, దాంట్లో నైట్రేట్ ఉన్నా లేకపోయినా అవతలికి ఏమీ పోదు. వట్టి నీళ్లూ చీకటే, విషపు నీళ్లూ చీకటే, చీకట్లోంచి చీకటి తీసేస్తే సున్నా. రెండు నెలలుగా ఆమె సంతకం పెట్టింది దానికి.

ముందు ఫోను అందుకుంది. "వదినా, ఆ బోరు నీళ్లు ఎవరికీ పట్టొద్దు. పాలల్లోనే కాదు, దేంట్లోనూ వద్దు. ఇప్పుడే ఆపెయ్."

"సున్నా అన్నావుగా?"

"ఆపెయ్ అంటున్నానా లేదా!" అని అరిచి పెట్టేసింది.

తర్వాత నడవాలోకి వచ్చి వేసిన కేకకు మూడు గదుల తలుపులు తెరుచుకున్నాయి. "క్వార్ట్జ్ పెట్టెలో గాజు క్యువెట్లు పెట్టిన వెధవ ఎవడు?"

బాబాయ్ చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "నేనేనమ్మా. కడుగుతుంటే ఒకటి జారి సింకులో పడి ముక్కలైంది. రెండోదానికి పెచ్చు లేచిపోయింది. చూడ్డానికి రెండు రకాలూ ఒకలాగే ఉంటాయి కదమ్మా. కొత్తవి వచ్చేదాకా ఫరవాలేదనుకుని..."

"నాకు చెప్పడానికి నోరు పడిపోయిందా?"

బాబాయ్ పెద్దసారు గది వైపు ఒకసారి చూసి, తల దించుకున్నాడు. మేడంకు అర్థమై, తలుపు తోసుకుని లోపలికి పోయింది.

పెద్దసారు అప్పటికే లేచి నిలబడ్డాడు. "పగిలిన రోజే నాకు చెప్పాడండీ. నేనే వద్దన్నాను. ఆ రోజు మీరు లాంపు గురించి నన్ను... అదంతా ఎందుకులెండి. ఇప్పుడావిడకు చెబితే పైకప్పు లేచిపోతుంది, కొత్తవి తెప్పించాక మెల్లగా చెబుదామన్నాను. గాజుకూ దానికీ అంత తేడా ఉంటుందని నాకేం తెలుసు మేడం గారూ?"

"తెలియకపోతే అడగాలి!"

"ఎవర్ని?" అన్నాడాయన. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. ఆ ప్రశ్న ఆమె కోపానికి ఇంకాస్త ఆజ్యం పోసింది.

ఆయన గొంతు తగ్గించి అసలు మాట బయటపెట్టాడు. కొత్త క్యువెట్లు వచ్చాక కొత్తగా నీళ్లు తెప్పించి, కొత్త రిపోర్టులు పంపేస్తే సరిపోతుందట. రెండు నెలల రిపోర్టులు తప్పని ఊరంతా చాటింపు వేసుకుంటే పరువు గంగలో కలుస్తుందట. పాత రిపోర్టులు ఎవరు చూస్తారు?

"మా వదిన చూసింది. చూసే పాలు కలిపింది."

ఆయన టేబులు మీది ఫోను తన వైపు లాక్కుని, ఆయన కుర్చీలోనే కూర్చుంది. ఆ రెండు నెలల్లో నీళ్లు పంపిన ఒక్కొక్కరికీ ఫోను చేసింది. ల్యాబు చెప్పింది తప్పు, మళ్లీ పరీక్ష అయ్యేదాకా పసివాళ్లకు ఆ నీళ్లు పట్టొద్దు, సంతకం పెట్టింది నేనే. కొందరు థాంక్స్ చెప్పారు, కొందరు బండబూతులు తిట్టారు. పెద్దసారు గోడకు ఆనుకుని అంతా విన్నాడు. చెప్పొద్దూ, ఆమె కోపం ఆ భవనానికి నికరంగా పనికొచ్చిన రోజంటూ ఉంటే అదే.

దగ్గర్లోని కాలేజీ నుంచి క్వార్ట్జ్ క్యువెట్ అడిగి తెప్పించి, వదిన తెచ్చిన నీళ్లు పోసింది. అంకె ఎక్కింది. ఎక్కుతూ పోయి, ఉండాల్సిన హద్దుకు నాలుగింతల దగ్గర ఆగింది.

సాయంత్రం క్రెష్‌కు వెళ్లేసరికి తల్లులందరూ పిల్లల్ని తీసుకుపోయారు. ఖాళీ ఊయలల మధ్య వదిన ఒక్కతే నేల మీద కూర్చుని ఉంది. మేడం జరిగింది మొత్తం చెప్పింది. గాజు, బాబాయ్, పెద్దసారు, నాలుగింతలు. చెబుతున్నకొద్దీ గొంతు లేచింది. "నాకు చెప్పకుండా దాచారు వదినా! ఇద్దరూ కలిసి! ఉద్యోగాలు ఊడబెరికిస్తా ఒక్కొక్కడివీ—"

"నోరు ముయ్యి," అంది వదిన.

గట్టిగా కూడా అనలేదు. మేడం నోరు మూతపడింది.

"నీకెందుకు చెప్తారు? ఎవరైనా నీకేమైనా ఎందుకు చెప్తారు? ఆ పాలవాణ్ని వీధిలో నిలబెట్టి కడిగావు కదా, కుప్ప ఏం చేశాడో తెలుసా? గోడ వెనక్కి మార్చాడు. నీకు కనపడకుండా. మన బోరుకు ఇంకా దగ్గరికి. ఇందాక నీళ్లు ఆపమన్నాక వెళ్లి చూశా. ఎందుకురా అంటే, మీ ఆడపడుచు మళ్లీ వస్తుందని భయమేసిందమ్మా అన్నాడు."

మేడం గోడ వైపు చూసింది.

"నువ్వు అరుస్తుంటే మేమంతా నవ్వుకున్నాం ఇన్నేళ్లూ. తల్లి లేని పిల్ల, పోన్లే అని నేనే నిన్ను గారాబం చేశా. ఒక ముసలాయన నీకు భయపడి నోరు మూసుకున్నాడు, నా పాప ఒళ్లు నీలమైంది. దాని గోళ్లు నువ్వు చూళ్లేదు. నేను చూశా. పట్టింది నేను, నా చేతుల్తో, కాచి మరీ పట్టాను." వదిన లేచి, అల్మరా తలుపుకు అంటించిన కాగితాన్ని గోటితో బరికి చింపేసింది. "వెళ్లు. ఇవాళ నిన్ను చూడలేను."

మేడం దగ్గర చెప్పడానికి చాలా ఉంది. పెద్దసారుకు పైపులు తప్ప ఏమీ తెలియదు. యంత్రం అరిచిన అరుపు లాంపుదని ఎవరైనా అనుకుంటారు. ఆడది నెమ్మదిగా మాట్లాడితే ఈ లోకంలో వినేవాడెవడు? ఒక్కటీ అబద్ధం కాదు. ఒక్కటీ నోటిదాకా రాలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయింది. దారంతా పళ్లు నూరుతూ నడిచింది. ఎవరి మీదో మాత్రం తేలలేదు.

మర్నాడు పొద్దున ల్యాబులో అడుగు పెట్టేసరికి కడిగే గదిలోంచి కూనిరాగం వినిపించింది. ఆమె గుమ్మంలో నిలబడగానే ఆగిపోయింది. ఎందుకు ఆగుతుందో ఇప్పుడు తెలుసు. తెలిశాక ఆ నిశ్శబ్దం చెంప మీద కొట్టినట్టుంది.

బాబాయ్ సింకు దగ్గర బిగుసుకుపోయి నిలబడ్డాడు. ఉద్యోగం పోయిందనే అనుకుంటున్నాడు.

"బాబాయ్, ఇంకేమైనా ఉన్నాయా? నాకు చెప్పనివి?"

ఆయన ఆమె మొహంలోకి పరకాయించి చూశాడు. "కోప్పడరు కదమ్మా?"

"కోప్పడతాను," అంది మేడం. "అయినా చెప్పు."

బాబాయ్ కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, అక్కడితో ఆగక మళ్లీ తుడుచుకున్నాడు. "ఆ పొడుగు పిపెట్టు ఉందే, మీరు రోజూ వాడతారు... ఎండాకాలంలో దాని మూతి విరిగిందమ్మా. మెట్టు మీద అరగదీసి నున్నగా చేసి పెట్టేశాను."

నీళ్లు కొలిచి పోసే ఆ గాజు గొట్టం పొట్టిదై, ఎండాకాలం నుంచీ ప్రతిసారీ తప్పు కొలత పోస్తూ వచ్చింది. ఆమె ఒళ్లు భగ్గుమంది. మెడ నరాలు ఉబ్బాయి. బాబాయ్ రెండు అడుగులు వెనక్కి వేశాడు.

మేడం సింకు పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది.

"ఇంకా?" అంది.